వెల్వెట్ పెట్టె 1,899, పోపుల డబ్బా 450: నా బ్రేస్‌లెట్లకి ఏది నప్పిందంటే

ముందే చెప్పేస్తున్నా, ఆన్‌లైన్లో కొన్న ఈ వెల్వెట్ జ్యుయలరీ పెట్టెకి గాజుల కోసమైతే నాలుగు స్టార్లు ఇస్తా, బ్రేస్‌లెట్ల కోసమైతే ఒకటిన్నర, ఆ సగం కూడా మూతలో అద్దం బాగుందని. కంపెనీ పేరు రాయట్లేదు, ఒకటే ఫొటో పెట్టి పది పేర్లతో అమ్ముతున్నారు, ఏ పేరుతో కొన్నా వచ్చేది అదే పెట్టె.

మాది పాలకొల్లుకి దగ్గర్లో ఓ ఊరు. ఇంటి వెనకాల రోడ్డు దాటితే రొయ్యల చెరువులే, మా ఆయనవి మూడు, పక్కవాళ్ళవి లెక్కలేనన్ని. ఇదెందుకు చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

నాకున్న బ్రేస్‌లెట్లు నాలుగు. పెళ్ళికి అమ్మ పెట్టిన 22 క్యారెట్ల గొలుసు బ్రేస్‌లెట్, కాసున్నర అంటే 12 గ్రాములు. పదేళ్ళ పెళ్ళిరోజుకి మా ఆయన కొన్న 18 క్యారెట్ల డైమండ్‌ది, చిన్న చిన్న రాళ్ళు వరసగా ఉంటాయి చూడండి, టెన్నిస్ బ్రేస్‌లెట్ అంటారు (ఆ ఏడు రొయ్యకి రేటు పలికింది లెండి). హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గర కొన్న ముత్యాలది ఒకటి. మా అమ్మాయి వెండిది ఒకటి. ఇంతకాలం ఇవన్నీ షాపువాళ్ళు ఇచ్చిన గులాబీ రంగు కాగితాల్లో చుట్టి, ఆ కాగితాలన్నీ ఒక పర్సులో కుక్కి, ఆ పర్సు బీరువాలో చీరల కింద పెట్టేదాన్ని. ఫంక్షన్ ఉన్నప్పుడల్లా ఏ పొట్లంలో ఏది ఉందో తెలీక అన్నీ విప్పడం, ఒకదాంట్లో ఒకటి చిక్కుపడడం, మా ఆయన బయట హారన్ కొట్టడం. అందుకే పెట్టె కొన్నా.

పెట్టె చూడ్డానికి బాగుంది, అందులో అబద్ధం లేదు. ముదురు ఎరుపు వెల్వెట్, మూడు అరలు, పైన రెండు రోలర్లు, ఒక బుల్లి తాళం. మొదటి రోజే గాజులన్నీ రోలర్‌కి ఎక్కించి ఫొటో తీసి అమ్మకి పంపించా, ఆవిడ వెంటనే నాకూ ఒకటి చెప్పెయ్యి అంది. పక్క రోలర్‌కి బ్రేస్‌లెట్లు తొడిగి హుక్కులు పెట్టేశా. కాస్త బిగుతుగా అనిపించింది గానీ జారిపోకుండా ఉంటాయిలే అనుకున్నా. నేను చేసిన తప్పు అదే అని నాలుగు నెలలకి గానీ తెలీలేదు.

మొదటి దెబ్బ రాజోలు వైపు మా పిన్ని కూతురి పెళ్ళికి వెళ్ళినప్పుడు. పైన రోలర్ల సెట్టుతో పట్టుకెళ్తే బరువని అది ఊడదీసేసి, కింద అరలో బంగారందీ డైమండ్‌దీ రెండూ పక్కపక్కన పడుకోబెట్టి పెట్టెని ఒళ్ళో పెట్టుకున్నా. చించినాడ బ్రిడ్జి దాకా పర్వాలేదు, దిగాక ఆ రోడ్డు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. పెళ్ళివారింటికెళ్ళి తెరిచి చూస్తే అమ్మ పెట్టిన బ్రేస్‌లెట్ మీద పిల్లి గీరినట్టు గీతలు, ఒకటీ రెండూ కాదు, ఒక పక్కంతా. బంగారం ఎంత మెత్తనో తెలుసుగా, గట్టిదనం కొలిచే మోస్ స్కేల్ మీద రెండున్నర, మూడు, వజ్రం పది. ఆ రెండింటినీ ఒక అరలో వేసి గంటన్నర కుదిపితే ఇంకేమవుద్ది. అర మెత్తగా ఉంటే చాలనుకున్నా, అసలు గొడవంతా అర వెడల్పు దగ్గరుంది. నాలుగు వేళ్ళు పట్టే అరకి అడ్డుగోడల్లేవు, గాజులకి సరిపోతుంది, ఇవి మాత్రం పాముల్లా పాక్కుంటూ పోయి ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి.

రెండో దెబ్బ వెండిది. రెండు నెలల్లో నల్లగా, నల్లగా అంటే అక్కడక్కడా కాదు, మాడిన పెనంలా. వెండి నల్లబడడం తుప్పు కాదు, గాలిలో ఉండే గంధకం వాయువులు అంటుకుని పైన వెండి సల్ఫైడ్ పొర కడుతుంది. చెరువులు చేసేవాళ్ళకి ఆ వాయువు బాగా తెలుసు, అడుగున మేత కుళ్ళి మట్టి నల్లబడితే చెరువులో గ్యాస్ పుట్టింది అంటారే, కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది, అదే హైడ్రోజన్ సల్ఫైడ్. మా ఇంట్లో వెండి వస్తువులు ముందునుంచీ తొందరగానే నల్లబడేవి. కానీ గులాబీ కాగితంలో ఏడాది పట్టింది, ఈ పెట్టెలో రెండు నెలలే. పెట్టె తెరిస్తే ఇప్పటికీ ఘాటుగా జిగురు వాసన వస్తుంది, అట్ట లాంటి చెక్క మీద వెల్వెట్ అతికించారు, ఆ జిగురూ రంగూ మూసిన పెట్టెలో ఊరికే ఉండవు కదా. పైగా నేనే ఇంకో తెలివైన పని చేశా, రోలర్ మీద జారకుండా వెండిదానికి రబ్బర్ బ్యాండ్ వేశా. రబ్బరు తయారీలో గంధకం కలుపుతారట. బ్యాండ్ తగిలిన చోట గీత గీసినట్టు ఇంకా నల్లగా పడింది.

దాన్ని బాగుచేసిన సంగతి చెప్తా, ఇంట్లో అందరూ నిలబడి చూశారు. గాజు గిన్నెలో అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, ఒక చెంచా వంటసోడా వేసి, మరిగిన నీళ్ళు పోసి, బ్రేస్‌లెట్ ఆ ఫాయిల్‌కి తగిలేలా పడేశా. బుడగలొచ్చాయి, నిమిషంలో కుళ్ళిన గుడ్డు వాసన, మా ఆయన ముక్కు ఎగబీల్చి "అచ్చం చెరువు వాసనే" అన్నారు. నిజంగా అదే వాసన, వెండిని పట్టుకున్న గంధకాన్ని అల్యూమినియం లాగేసుకుంటుంది, వెండి వెండిగా మిగులుతుంది. తీసి చూస్తే తెల్లగా వచ్చింది, ఫాయిల్ మాసిపోయింది. అయితే కావాలనే నలుపు చేసిన డిజైన్ ఉన్న వెండికి ఇది చెయ్యకండి, డిజైన్ పోతుంది. ముత్యం, రాయి పొదిగిన వాటికి అసలొద్దు.

ఇంక అప్పుడు పెట్టెనీ బ్రేస్‌లెట్లనీ పట్టుకుని ఆచారిగారి దగ్గరికెళ్ళా. మా అత్తయ్యగారి పెళ్ళి నాటి నుంచీ మా ఇంటి పని ఆయనే చేస్తారు, ఒక చిన్న గది, కుంపటి, గాజు పెట్టెలో కాటా, కంట్లో పెట్టుకునే భూతద్దం, అంతే. ఈ రివ్యూలో అయిదుకి అయిదు స్టార్లు ఎవరికైనా ఇవ్వాలంటే ఆయనకే. డైమండ్ బ్రేస్‌లెట్ చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లిగా తట్టారు. మళ్ళీ తట్టి నా చెవి దగ్గర పెట్టారు. కిచ్ కిచ్‌మని, చీమ కాలికి గజ్జె కట్టినట్టు. ఒక రాయి వదులైందట, చిన్న పట్టు ఒకటి పైకి లేచింది. తర్వాత అమ్మ పెట్టినదాని హుక్కు దగ్గర రింగు భూతద్దంలో చూపించారు, అతుకు దగ్గర సన్నగా నోరు తెరుచుకుని ఉంది.

"ఎక్కడెట్టారమ్మా దీన్ని?"

పెట్టె తెరిచి రోలర్ చూపించా. బొటనవేలితో నొక్కారు, స్పాంజి వెనక్కి తన్నింది.

"ఆయ్, అదీ సంగతి. ఇది రాత్రీ పగలూ బయటికి తంతా ఉంటే హుక్కు లాక్కుపోదా? బ్రేస్‌లెట్టంటే గాజు కాదమ్మా, గొలుసు. మెళ్ళో గొలుసుని బిందెకి బిగించి దాస్తారా ఎవరన్నా?"

ఈ ఒక్క మాటకి నా 1,899 రూపాయలు చెల్లు. మనం చేతికేసుకుంటాం కాబట్టి గాజు జాతి అనుకుంటాం, కానీ దానికి ఉన్న ప్రాణమంతా అతుకుల్లో, హుక్కులో ఉంది. టెన్నిస్ బ్రేస్‌లెట్ అయితే మరీనూ, ఒక్కో రాయీ ఒక్కో బుల్లి గిన్నెలో కూర్చుని పక్కదానితో బందుతో కలిసి ఉంటుంది. ఆ పేరు కూడా టెన్నిస్ ప్లేయర్ క్రిస్ ఎవర్ట్ యూఎస్ ఓపెన్‌లో ఆడుతుంటే చేతిది ఊడిపోయి, దాన్ని వెతుక్కోడం వల్ల వచ్చిందంటారు. అంటే ఊడిపోయే రకమని పేరులోనే ఉంది, మనమే పట్టించుకోలేదు.

రాయి బిగించి, రింగుకి టంకం పెట్టి ఆయన తీసుకుంది రెండొందలు. గీతలకి మెరుగు పెట్టమంటే మాత్రం వద్దన్నారు, మెరుగు పెట్టినప్పుడల్లా బంగారం కొంచెం కొంచెం అరుగుద్ది, ఆ గీతలు నాలుగుసార్లు వేసుకుంటే కలిసిపోతాయి, వాటికోసం గ్రాము పోగొట్టుకుంటావా అని. ఇంకొకరైతే మెరుగు పెట్టి డబ్బు తీసుకునేవారు. పని ముందూ తర్వాతా మన కళ్ళముందే కాటా వేస్తారు, రెండు అంకెలూ కాగితం మీద రాసిస్తారు. ఈ అలవాటు లేని చోట నేనైతే వస్తువు చేతికివ్వను. ఊళ్ళోకి మెరుగు పెడతామంటూ వచ్చే బ్యాచ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది, మా పిన్ని గొలుసు ఒకసారి వాళ్ళ గిన్నెలో మునిగి తళతళా తేలింది, తూకం వేస్తే గ్రామున్నర లేదు. నైట్రిక్ యాసిడ్ ఒక వంతు, హైడ్రోక్లోరిక్ యాసిడ్ మూడు వంతులు కలిపితే బంగారం అందులో కరిగిపోతుంది, కరిగింది వాళ్ళ గిన్నెలో ఉండిపోతుంది, మనకి మెరుపు మిగుల్తుంది.

ఇంకో చిన్న పని చెయ్యండి, ఎక్కడికిచ్చినా ముందు హెచ్‌యూఐడీ, అంటే నగ మీదుండే గుర్తింపు కోడ్, ఫొటో తీసి పెట్టుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపుల్లో అమ్మే హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ ఉంటుంది, బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో కొడితే వివరాలొస్తాయి. నా 22 క్యారెట్లది పాతది కాబట్టి దాని మీద 916 ముద్రే ఉంది, డైమండ్‌దాని మీద 750 ఉంది, అంటే వెయ్యికి 750 వంతులు బంగారం. మెరుగు ఎక్కువైతే ఆ ముద్రలు కూడా అరుగుతాయి.

కడగడం గురించి ఆయన చెప్పింది మా అత్తయ్యగారు చెప్పేదే. కుంకుడుకాయలు. నాలుగు కాయలు కొట్టి గోరువెచ్చటి నీళ్ళలో నానేసి, ఆ నురుగులో పావుగంట ఉంచి, పిల్లల మెత్తటి టూత్‌బ్రష్‌తో వెనక నుంచి రుద్దాలి. ముందు నుంచి కాదు, వెనక నుంచి. రాళ్ళకి వెలుతురు తగలాలని వెనక ఖాళీ వదుల్తారు, జిడ్డంతా అక్కడే కూరుకుంటుంది. వజ్రానికి నూనె అంటే మహా ఇష్టం, గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీద నీళ్ళతో పాటు రాళ్ళు వదిల్తే వజ్రాలు అతుక్కుపోయి మిగతావి కొట్టుకుపోయేవట, అలా ఏరేవాళ్ళు. మరి మనం రోజూ కొబ్బరినూనె రాసుకున్న చేత్తో జడ వేసుకుని అదే చేత్తో హుక్కు పెట్టుకుంటే రాళ్ళు మసకేయక ఏంచేస్తాయి. టూత్‌పేస్టుతో తోమే వీడియోలు చూసి మోసపోకండి, అందులో సన్నటి పొడి ఉంటుంది, 22 క్యారెట్ల మీద గీతలు పడతాయి. చింతపండు రాగి చెంబులకి, దేవుడి ఇత్తడి సామానుకి ఉంచుకోండి. ఇంకోటి, సింకు కన్నం మీద టీ వడకట్టు పెట్టుకుని కడగండి. ఇది అత్తయ్యగారి ఐడియా, ముక్కుపుడక పోయాక వచ్చిన ఐడియా.

మా తోడికోడలు అల్ట్రాసోనిక్ మెషీన్ కొంది, నీళ్ళని సన్నగా కంపింపజేసి కడిగేది, కళ్ళజోళ్ళ షాపులో ఉంటుంది చూడండి, అది. గట్టిగా బిగిసి ఉన్న డైమండ్‌వాటికి బాగానే పనిచేస్తుంది. పచ్చలు, పగడాలు, ముత్యాలు మాత్రం వెయ్యకూడదు, పచ్చల్లో పగుళ్ళు కనపడకుండా నూనె పట్టిస్తారు, అది ఊడొస్తుంది. వదులు రాయి ఉంటే ఆ కంపనానికి రాలిపోతుంది. నాది ఆచారిగారికి చూపించకముందు అందులో వేసి ఉంటే కథ వేరేగా ఉండేది.

సరే, ఇప్పుడు పోపుల డబ్బా సంగతి. ఆచారిగారి దగ్గర్నుంచి వస్తూ స్టీలు సామాన్ల కొట్లోకెళ్ళా, నిజానికి కుక్కర్ గ్యాస్కెట్ కోసం. అక్కడ పోపుల డబ్బా కనపడింది, ఏడు గిన్నెలు, లోపల ఒక పళ్ళెం లాంటి మూత, పైన బిగుతు మూత. బ్రేస్‌లెట్ తీసి హుక్కు పెట్టి ఒక గిన్నెలో వేసి చూశా, చుట్ట చుట్టుకుని ఎంత హాయిగా పడుకుందో. లాగుడు లేదు, పక్కదానితో గొడవ లేదు, స్టీలుకి జిగురు వాసన లేదు. 450 రూపాయలు. ఇంటికొచ్చి మావయ్యగారి పాత తెల్ల పంచె ఒకటి గుండ్రంగా కత్తిరించి ప్రతి గిన్నెలో రెండు పొరలు వేశా. పంచె ఎందుకంటే ఎన్నో ఉతుకులకి మెత్తబడింది, గంజి లేదు, రంగు లేదు. ముందు నరసాపురం లేసు పీసులు వేద్దామనుకున్నా ముచ్చటగా ఉంటాయని, కానీ ఆ అల్లికలో హుక్కు చిక్కుకుంటుంది, పీకితే రెండూ పోతాయి.

హుక్కు పెట్టే దాచాలి, ఇది మర్చిపోకండి. విప్పి దాస్తే కొసలు మెలిపడి గొలుసు మెడ విరిగినట్టు అవుతుంది.

వెండిదాన్ని మాత్రం ముందు చిన్న జిప్ కవర్లో వేసి, గాలి నొక్కేసి, వెండి నల్లబడకుండా ఆపే చిన్న కాగితం ముక్క ఒకటి వేసి గిన్నెలో పెడుతున్నా, అయిదు నెలలైంది, ఇంకా తెల్లగానే ఉంది. ఖాళీ గిన్నెల్లో రెండింట్లో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు. మన గోదారి జిల్లాల చెమ్మకి అవి నెలకే నిండిపోతాయి, నీలం గింజలు గులాబీ రంగుకొస్తే పని అయిపోయినట్టు. ముత్యాలదాన్ని అందులో పెట్టట్లేదు, ముత్యంలో కొంచెం నీరుంటుంది, మరీ ఎండబెడితే పగుళ్ళిస్తుంది. దానికి వేరే చిన్న గుడ్డసంచి, జిప్ కవర్ కూడా వద్దు. ముత్యాలకి ఇంకో పద్ధతి, సెంటూ పౌడరూ అన్నీ అయ్యాక చివర్న పెట్టుకోవాలి, ఇంటికి రాగానే మొదట తియ్యాలి, తీశాక తడిగుడ్డతో తుడవాలి. పులుసు కలిపిన చేత్తో ముట్టుకోకండి, ముత్యం సున్నం జాతిది, పులుపుకి పొర పోతుంది. అలాగే బ్లీచింగ్ పౌడర్‌తో బాత్‌రూమ్ కడిగేప్పుడు 18 క్యారెట్లది తీసెయ్యండి, అందులో కలిపిన మిగతా లోహాల్ని క్లోరిన్ తినేస్తుంది, అతుకులు పెళుసవుతాయి.

డబ్బాకి లోపాలు లేవా అంటే ఉన్నాయి. ప్రయాణానికి పనికిరాదు, గిన్నెలు గలగలమంటాయి, ఒళ్ళో పెట్టుకుంటే బస్సులో అందరూ చూస్తారు. తాళం లేదు. పైగా బీరువాలోనే పెట్టినా రెండోవారం అత్తయ్యగారు కొత్త డబ్బా వచ్చిందని తెరిచి చూసి, ఆవాలు ఎక్కడ పోశావే అని అడిగారు. ప్రయాణానికి ఇప్పుడు ఒక్కోదాన్నీ పంచెగుడ్డలో చుట్టి విడివిడి జిప్ కవర్లలో హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంటున్నా, ఈసారి రాజోలు రోడ్డు కూడా ఏం చెయ్యలేకపోయింది.

మా తమ్ముడు ఇదంతా ఎందుకక్కా, లాకర్లో పెట్టుకో అంటాడు. పెట్టుకోవచ్చు, డైమండ్‌ది ఎక్కువ రోజులు అక్కడే ఉంటుంది కూడా. కానీ 2022 జనవరి నుంచి వచ్చిన రిజర్వ్ బ్యాంక్ రూల్స్ చదివితే దొంగతనం, మంటలు, బిల్డింగ్ కూలడం, స్టాఫ్ మోసం లాంటి వాటికి బ్యాంకు ఏడాది అద్దెకి వంద రెట్ల దాకా బాధ్యత పడుతుంది, వరదలకీ పిడుగులకీ మాత్రం, వాళ్ళ నిర్లక్ష్యం లేకపోతే, లేదు. మా అత్తయ్యగారు 1986 ఆగస్టు వరద చూసిన మనిషి, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, అప్పుడు నగలు మూటగట్టి నడుముకి చుట్టుకుని డాబా ఎక్కారట. ఆవిడ ముందు లాకర్ మాటెత్తితే ఆ వరద మొదట్నుంచీ వినాలి. నేను లాకర్లో పెట్టేది కూడా జిప్ కవర్లోనే పెడుతున్నా, ఆ ఇనప అరలోనూ చెమ్మ ఉంటుంది, ఆరు నెలలకోసారి వెళ్ళి తీసి చూసుకుంటున్నా.

పెట్టె వెనక్కి పంపుదామంటే రిటర్న్ టైమ్ ఏడు రోజులేనంట, నాకు తెలిసింది నాలుగు నెలలకి. అమ్మకి ఆర్డర్ పెట్టకుండా ఆపగలిగా, అంతవరకు నయం. మా పెట్టె ఇప్పుడు మా అమ్మాయి గదిలో ఉంది, రోలర్ల మీద జడ రబ్బర్లు తొడుక్కుంటోంది, అవి నల్లబడినా ఎవరూ ఏడవరు.